తొమ్మిదేళ్ల తోలు

తోలు తీస్తానని మా నాన్న
ఒక్కసారీ నన్ను బెదిరించలేదు.
తోలు తీయడమే ఆయన పని.

అలెంతేజులో జూన్ ఎండ
పొద్దున ఏడింటికే వచ్చి రాళ్ల మీద కూర్చుంటుంది.
నాన్న బెల్మీరు ఒకవైపు, జెఫెరీను ఇంకోవైపు,
నడుమ బెండు చెట్టు.
గొడ్డలి వేటు అంటారు గానీ
అది వేటు కాదు, వినడం.
డొల్లగా పలికితే బెరడు విడివడుతుంది.
పొడిగా పలికిందా,
చెట్టు ఇంకా ఒప్పుకోలేదన్నమాట.
పిడి చివర ఉలిలా చెక్కి ఉంటుంది.
దాన్ని పగుల్లో దూర్చి మెల్లగా తిప్పితే
చెమటకి అంటుకున్న చొక్కా వదిలినట్టు
నిలువెత్తు పలక ఊడి వస్తుంది.

అడుగున మిగిలే పల్చటి పొరని
మేము తల్లి అంటాం.
గొడ్డలి తల్లికి తగలకూడదు.
తగిలిన చోట మళ్లీ మంచి బెరడు రాదు.
జెఫెరీను ఒకే ఒక్కసారి తగిలించాడట, పెళ్లికి ముందు.
ఆ చెట్టు దారిలో ఎదురైతే ఇప్పటికీ
టోపీ తీసి, కాస్త ఎడంగా నడుస్తాడు.

నా పని అంకె వేయడం.
తెల్లరంగు డబ్బా, గుర్రపు వెంట్రుకల కుంచె.
ఒలిచిన ఏడాది చివరి అంకె,
ఎర్రగా, తడిగా నిలబడ్డ మాను మీద.
తొంభై ఏడులో మొదటిసారి ఏడు వేశాను.
నాకప్పుడు పదేళ్లు.
మళ్లీ తొమ్మిదేళ్లకి అదే చెట్టు మీద ఆరు.
చెట్టు లావెక్కుతుంటే అంకె తరుగుతోంది!
ఎవరూ చెప్పలేదు ఈ సంగతి,
కుంచె ఎత్తిపట్టుకుని నేనే కనుక్కున్నాను.
కాసేపు ఎందుకో భయమేసింది.

మధ్యాహ్నం నీడలో ఉడికిన గుడ్లు.
నాన్న గుడ్డుని కొట్టడు.
రాయి మీద అరచేత్తో దొర్లించి
చిట్లిన పెంకు కింద తెల్లపొర కొస దొరకబుచ్చుకుంటాడు.
పొర దొరికితే పెంకు దానంతటదే వస్తుంది.
జెఫెరీనుకి గుడ్ల దగ్గర ఆ ఓపిక లేదు.
ఆయన తినే గుడ్లన్నీ మశూచి సోకిన మొహాలు.

ఆరు వేసిన ఆగస్టులోనే
రోడ్డు వైపు నుంచి మంట వచ్చింది.
తొమ్మిది అంకె ఉన్న చెట్లు నల్లబడ్డాయి, అంతే.
ఏడేళ్ల బెరడు కింద తల్లికి సెగ సోకలేదు.
మార్చికల్లా కొమ్మల చివర చిగుళ్లు.
ఆరు అంకె చెట్లు,
నేను వేసిన ఆర్లు,
నాలుగు వందల పదకొండు.
నోటుబుక్కులో లెక్క ఉంది.
చెట్లు లేవు.

కంచర గాడిదల కట్లు విప్పబోయి
జెఫెరీను కుడిచెయ్యి కాల్చుకున్నాడు.
లిస్బన్‌లో ఆయన తొడ మీది తోలు తీసి
చేతి వెనక అతికించారు.
అక్టోబరులో వచ్చి
మా గుమ్మంలో నిలబడి నిక్కరు పైకి మడిచాడు.
నలుచదరంగా, ఎర్రగా,
అచ్చం జూన్ నెల మాను.
"ఏం కుస్తోదియా, అంకె వెయ్యవా?"

నాన్న నవ్వలేదు.
నేను డబ్బా మూత తీశాను.
రంగు కూడా పైన తోలు కట్టుకుని ఉంది,
కాగి చల్లారిన పాలలా.
కుంచె కొసతో దాన్ని చీల్చి
మానిన చోటుకి జానెడు కింద
ఆరు వేశాను.
సున్నా బాగా రాలేదు దానికి, తోక వంకర.
ఆయన కదలకుండా ఆరేదాకా నిలబడ్డాడు.

ఐదు వేసిన ఏడాది,
వాగవతల, మంట చేరని తోపులో,
కొత్తగా ఒలిచిన మానుకి
పసిపిల్లకి జ్వరం చూసినట్టు
జెఫెరీను చేతి వెనకవైపు ఆనించాడు.
చాలాసేపు.
ఆ తోలుకి వెంట్రుక మొలవదు, చెమట పట్టదు.
"దీనికి తెలియట్లేదు," అన్నాడు.
"నువ్వు చెప్పు. చల్లగా ఉందా?"

రంగు చేతిని ఆయన చేతి పక్కన పెట్టాను.

ఉంది, అన్నాను.
తడిగా కూడా.